నెత్తురు తగిలిన అంటు

దూది తీసి చూస్తే ఆరిపోయి ఉంది. మధ్యలో ఆవగింజంత ఎర్రమచ్చ, అంతే. రక్తం తీసుకుపోయిన నర్సు సుసన్న గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పింది, "పది నిమిషాలు గట్టిగ అదిమి పట్టు బాపూ, నెత్తురు పల్చబడే గోలీలు ఏస్కుంటున్నవ్ గద, జల్ది ఆగది" అని. నేను రెండు నిమిషాలైనా పట్టలేదు. మోచేతి మడతలో సూది గుచ్చిన చోట చుక్క ఒకటి గట్టిపడి కూర్చుంది, ఇక నాకేం పని లేదన్నట్టు. దూదిని మళ్లీ అక్కడే పెట్టి, ఇంకా కారుతున్నట్టు బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. ఎవరు చూస్తున్నారని? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట, నా సంగతీ అంతే. యాభై ఎనిమిదేళ్లొచ్చాయిరా ఎల్లస్వామీ, దూది పింజకు భయపడే రోజు వచ్చింది నీకు. గోడ మీద గడియారం పదకొండూ పది చూపిస్తోంది. కిటికీ అవతల సాగర్ రోడ్డు మీద తుంపర పడుతోంది, యాచారం బస్సు ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. రొమ్ము ఎముక కింద ఆ బరువు ఇంకా ఉంది. పొద్దున ఉన్నంత లేదు, కానీ పోలేదు. ఎరువు బస్తా దించి పక్కన పెట్టినట్టే పెట్టి, ఒక మూల మాత్రం నా మీదే ఆనించి వదిలేసినట్టుంది.

గంట, అంది డాక్టరమ్మ. సాయిశ్రీ ఆమె పేరు, చొక్కా మీద రాసుంది, మా బిడ్డ లిఖిత కంటే రెండేళ్లు పెద్దదేమో. ఈసీజీ కాగితం వెలుతురుకు పెట్టి చూసి, పెదవి కొరుక్కుని, "ఇందులో పాత మచ్చ ఉన్నది బాబాయ్, కొత్తదేదో పాతదేదో తెలుస్తలేదు" అంది. తర్వాత అడగాల్సింది అడిగింది. "గోలీలు రోజూ ఏస్కుంటున్నవా?" నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. నా కంటే ముందు సుశీల అందుకుంది. "ఒక్క పూట తప్పలే మేడం. నా చేతులతోనే ఇస్త. పొద్దున రెండు, రాత్రి ఒకటి." ఆ చెప్పడంలో ఎంత గర్వం. డాక్టరమ్మ ముఖం అప్పుడే తేటపడింది. "అట్లయితే స్టెంట్ మూసుకునుడు అంత సులువు కాదు. పొద్దున మిర్చీలు తిన్నడంటున్నరు, గ్యాస్ కూడ అచ్చం ఇట్లనే నొస్తది. గంటకు మళ్ల రక్తం తీద్దం, మళ్ల ఈసీజీ చూద్దం. అదే గోలీలు బందు పెట్టినోళ్లయితే ఈపాటికి సిటీకి అంబులెన్స్ ఎక్కిస్తుంటి" అని పక్క గదికి పోయింది. నాకు అబద్ధమాడే శ్రమ కూడా లేకుండా పోయింది. సుశీల చెప్పింది నిజమే, ఆమెకు తెలిసిన నిజం. రోజూ పొద్దున ఆమె చేతులతో ఇచ్చిన మాట నిజం. నేను నోట్లో వేసుకున్న మాటా నిజం. మింగలేదు.

చొక్కా జేబులో ఇవాళ్టివి రెండూ ఉన్నాయి. గులాబీ రంగుది ఒకటి, తెల్లది ఒకటి. అంటు కట్టే పట్టీ ముక్కలో చుట్టాను గాని ఉమ్మికి నానిన గులాబీది రంగు వదిలి జేబు అంచుకు అంటింది, వేలిగోరంత మరక. సుశీల ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. తల తిప్పితే కనబడుతుంది. అందుకే చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. ఆమె అది చూసి "నొస్తుందా?" అని లేచింది. "లే, ఊకె" అన్నాను. కూర్చుంది. ఆమె చేతులు ఊరుకోవు. సెలైను సీసాకు కట్టిన దారం జారిపోతుంటే విప్పి, రెండు మెలికలు వేసి లాగి, మళ్లీ కట్టింది. అది మా నర్సరీ కొట్టం ముడి. ఆ ముడి ఇప్పటిదాకా ఒక్కటీ జారలేదు. ముప్పై ఏళ్లుగా నేను కోస్తాను, ఆమె కడుతుంది. మా నర్సరీలో పని అలాగే నడిచింది. మామిడి టెంక మొలిచి ఎర్రాకులు విడిచిన లేత మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, పైన పెట్టే పుల్లను రెండు దిక్కులా చెక్కి ఆ చీలికలో దించేది నేను. ఊపిరి పీల్చి వదిలేలోపు ప్లాస్టిక్ పట్టీ చుట్టి ముడేసేది ఆమె. బేనిషాన్, హిమాయత్, దసేరి, ఏదైనా సరే. కోహెడ తోటల్లో ఈ పని నేర్పిన శంకరయ్య మామ అనేవాడు, కోసినవాడికి పేరు, కట్టినవాడికి పుణ్యం అని. పేరు నాకే వచ్చింది. ఎల్లస్వామి అంటు అంటే హయత్‌నగర్ నుంచి కూడా వచ్చి అడిగి తీసుకుపోతారు. సుశీల కట్టు అని ఎవరూ అడగరు. ఆమె అప్పుడప్పుడు అడిగేది, "జర నన్ను కూడ కొయ్యనియ్యి, సూస్త" అని. "నీది కట్టే చెయ్యి, కోసే చెయ్యి కాదు" అనేవాణ్ని. ఎంత సులువుగా అనేవాణ్ని.

పదకొండూ ఇరవై రెండు. దవడ లాగుతోంది, ఎడమ దవడ. మిర్చీ బజ్జీకి దవడ లాగుతుందా? లాగుతుందేమో. రెండు తిన్నాను, మూడోది సుశీల లాక్కుంది. గ్యాసే అయి ఉంటుంది. గ్యాసని ఆ చదువుకున్న పిల్లే అంది గద. నేను అనలేదు. కానీ ఆ పిల్ల ఏమనుకుని అంది? గోలీలు మింగుతున్నాడనుకుని అంది. ఇంటి పునాది చూడకుండా గోడకు బీట ఎందుకొచ్చిందో చెప్పమన్నట్టు ఉంది నా యవ్వారం. చెప్పేస్తే? ఒక్క మాట. "మేడం, నేను మింగుతలేను." నాలుక మీదికి వస్తుంది, సుశీల ముఖం చూస్తే వెనక్కి పోతుంది. మింగలేక కక్కలేక అంటారే, రోజూ పొద్దున గోలీలతో పడ్డ అవస్థ ఇప్పుడు మాటతో పడుతున్నాను.

చలికాలం, సిటీలో ఆ పెద్ద దవాఖాన. మెలకువగా ఉండగానే మణికట్టు నుంచి తీగ పంపారు, పక్కన తెర మీద నా గుండె నరాలు ఎండాకాలపు చింతకొమ్మల్లా నల్లగా కదిలాయి. తర్వాత రోజు ఆ గుండె డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు, కుర్రవాడే, ఓపిక ఉన్నవాడు. ఏం పని చేస్తావంటే మామిడి అంటు కడతానన్నాను. అయితే నీకు చెప్పడం సులువు అని కాగితం వెనక బొమ్మ గీశాడు. "నాళంల వల లాంటి తీగ గొట్టం పెట్టినం. బెలూన్ ఉబ్బిస్తే లోపలి పొర చినిగి గాయమైతది. గాయం మానాలంటే కండ పెరగాలె. ఎక్కువ పెరిగితే మళ్ల దారి మూసుకుంటది, వెనకట ఉత్త తీగలు పెట్టినప్పుడు శానామందికి అట్లనే అయ్యేది. అందుకని ఈ తీగకు మందు పూసి ఉంటది. కొన్ని నెలలు కొద్దికొద్దిగ ఊరుకుంట కండను ఎగబడనియ్యది." "మంచిదే గద సార్" అన్నాను. "మంచిదే. కాని ఆ మందుకు ఎక్కువ తక్కువ తెల్వది. తీగ మీద ఉల్లిపొర లెక్క సన్నటి తోలు పరుచుకోవాలె, గదాన్ని కూడ ఆలస్యం చేస్తది. ఆ తోలు కప్పేదాక తీగ నెత్తురుకు కనబడుతనే ఉంటది. కనబడితే పరాయిదనుకొని నెత్తురు దాన్ని పట్టుకుంటది, గడ్డ కడ్తది. గడ్డ కట్టకుండ ఈ రెండు గోలీలు. ఏడాది. ఒక్క రోజు కూడ తప్పొద్దు." "తోలు కప్పిందని ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగాను. ఆయన పెన్ను మూత పెడుతూ "బయటికి తెల్వది పెద్దాయనా" అన్నాడు. సుశీల ఆ కాగితాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. నేను మాత్రం నాకు కావాల్సింది మనసులో మడిచిపెట్టుకున్నాను.

ఎందుకంటే నాకు తెలుసనుకున్నాను. గాయం ఎలా మానుతుందో ముప్పై ఏళ్లుగా నా కళ్ల ముందే ఉంది. కోసిన రెండు ముఖాల నుంచీ తెల్లటి లేత కండ ఊరుతుంది, ఇటుది అటు, అటుది ఇటు పాకి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, నలభై అయిదు రోజులకు కింది మొక్క నీరు పై పుల్లకు ఎక్కుతుంది. మూడు నెలలకు పట్టీ కోసి తీసేస్తే కట్టిన చోట చిన్న బొడిపె తప్ప ఏమీ కనబడదు. మామిడికి మూడు నెలలైతే మనిషికి ఎంత? రెట్టింపు వేసుకో, ఆరు. డాక్టర్లు భయం కొద్దీ ఏడాదంటారు, మేము కొనుక్కునేవాళ్లకు రోజూ నీళ్లు పొయ్యమని చెబుతాం, రెండ్రోజులకోసారైనా పోస్తారని. ఇట్లా లెక్క కట్టాను. ఎంత తెలివి. గుండెను తీసుకుపోయి మామిడి మొక్క పెంచే కవర్లో నాటాను.

అయినా లెక్క ఒక్కటే అయితే గోలీలు మానేవాణ్ని కాదేమో. నెత్తురు మానిపించింది. జూన్‌లో మిరుగు కార్తె మొదలైన రెండో రోజు, ఈ ఏడాది మొదటి అంట్లు. పుల్ల చెక్కుతుంటే కత్తి జారి ఎడమ బొటనవేలికి తగిలింది. ముప్పై ఏళ్లలో వెయ్యిసార్లు తగిలి ఉంటుంది, నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ కోసేవాణ్ని. ఈసారి ఆగలేదు. పసుపు అద్దినా ఆగలేదు, గుడ్డ చుడితే గుడ్డ తడిసింది. అయినా కోస్తూనే పోయాను, మొండివాణ్ని గనక. చెక్కిన తెల్లటి పుల్ల మీద నెత్తురు పాకడం చూశాను. నెత్తురు తగిలిన అంటు పట్టదు అనేవాడు శంకరయ్య మామ, వేళ్లకు గాయమైతే ఆ రోజుకు కత్తి ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు కోసినవాటిలో ముప్పావువంతు వారం తిరిగేసరికి ఎండిపోయాయి, పుల్లలు నల్లబడి అగ్గిపుల్లల్లా నిలబడ్డాయి. వానకు పట్టీలు తడిసి అట్లా అయిందేమో, పుల్ల ముదిరిందేమో, ఎన్నో ఉంటాయి. నేను మాత్రం నెత్తురే అనుకున్నాను. కొంగరకలాన్ పక్కన ఫామ్ ప్లాట్లు వేస్తున్న రత్నాకర్ రెండు వేల మొక్కలడిగాడు, ప్లాటుకు నాలుగు చొప్పున నాటుతాడట, ఎల్లస్వామి అంట్లు అని బ్రోచర్లో కూడా వేసుకున్నాడట. నా పేరు కాగితం మీద అచ్చయింది. ఆ మాట విన్న మర్నాడు పొద్దున సుశీల అరచేతిలో పెట్టిన రెండు గోలీలూ దవడ పక్కన నొక్కి పెట్టి, నీళ్లు తాగి, కొట్టంలోకి పోయి ఒక కవరు మట్టిలోకి వేలితో దిగ్గొట్టాను. కోత ఉన్న రోజు మాత్రమే అనుకున్నాను. వానకాలంలో కోత లేని రోజేది?

రెండు వారాలకు వేలు కోసుకుంటే నెత్తురు పాతకాలంలో లాగా ఠక్కున ఆగింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పకూడదు. నా నెత్తురు నాకు తిరిగొచ్చిందనుకున్నాను. ఒక్కో కవర్లో ఒక్కో జత గోలీలు పూడ్చుతూ పోయాను. నీళ్లు పోస్తుంటే సుశీల ఒకసారి "ఈ మట్టి గులాబీగైందేంది" అంది. పురుగుమందని చెప్పాను. ఆమె నమ్మింది. నేను చెప్పేవన్నీ నమ్ముతుంది, అదే నాకు ఎక్కడలేని ధైర్యం ఇచ్చింది. ఏమీ కాలేదు కూడా. బోరు దగ్గర నుంచి కొట్టం దాకా రెండు బిందెలు మోసినా ఆయాసం లేదు. ముఖంలో కళ వచ్చిందన్నారు చూసినవాళ్లు. చూశావా, పట్టింది, అంటు పట్టింది అనుకున్నాను.

ఫోను మోగింది, నాది, సుశీల ఎత్తింది. అవతల రత్నాకర్ గొంతు మంచం దాకా వినబడుతోంది. "ఏందక్కా, ఎల్లన్న ఎత్తుతలేడు. ఎల్లుండికి ఆఖరి లారీ పెడ్తడా లేదా?" "దవాఖానల ఉన్నం రత్నాకర్." "అయ్యో, మళ్ల గుండెనా?" "గ్యాసంట. గంట సూస్తమన్నరు." "గ్యాసే ఉంటది, ఫికర్ చెయ్యకుండ్రి. మొన్న అంట్లన్నీ చూసి వచ్చిన గద, ఏం చిగురక్కా, ఒక్కొక్కటి ఎర్రగ నిగనిగలాడుతున్నయ్." సుశీల నా దిక్కు చూసి నవ్వింది, విన్నవా అన్నట్టు. నేను నవ్వబోయి ఆగిపోయాను.

చిగురు. కొనుక్కునేవాళ్లందరికీ నేను చెప్పే మాట ఒకటుంది, పిల్లకు పాఠం చెప్పినట్టు చెబుతాను. చిగురును చూసి కొనకు, కట్టును చూసి కొను. పుల్లలో దాచుకున్న నీరు కొంత ఉంటుంది. కింద మొక్కతో అతుకు పడకపోయినా ఆ నీటితోనే పుల్ల చిగురేస్తుంది, మూడు వారాలకు ఎర్రగా, ముద్దుగా. తెలియనివాడు పట్టిందనుకుని తీసుకుపోతాడు. ఆ దాచుకున్నది అయిపోయిన రోజు పొద్దున చూస్తే వాలిపోయి ఉంటుంది. దొంగ చిగురు అంటాం దాన్ని. పట్టీ విప్పి చూస్తే లోపల పుల్ల పుల్లే, మొక్క మొక్కే. బిందెలు మోశాను, ముఖంలో కళ వచ్చింది, ఆయాసం లేదు. ఇదేరా ఎల్లస్వామీ నీ చిగురు. పట్టీ విప్పి చూసినవాడెవడు? బయటికి తెల్వదు అన్నాడు గద ఆయన, నువ్వే అడిగావు, నీకే చెప్పాడు. పైగా అక్కడ మందు పూసి పెట్టింది కండను తొందరపడనియ్యకుండా. నేను కట్టే అంటుకు మానకుండా ఆపే మందు పూస్తానా ఎప్పుడైనా? ఆ మానే వేళను ఈ మానే వేళతో ఎట్లా కొలిచాను? లోపల ఇంకా తీగ కనబడుతూ ఉందేమో, ఉల్లిపొర ఇంకా అంచుల దాకా రాలేదేమో. రెండు నెలలుగా నేనే చిక్కగా చేసి వదిలిన నెత్తురు ఒక్కో తీగనూ పట్టుకుని చూస్తోందేమో, ఎవడివిరా నువ్వు అని.

చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, బయట వాన, అయినా మెడ వెనక తడి. ఒకసారి ఇట్లాగే సుశీలకు అబద్ధం చెప్పాను, పెళ్లయిన కొత్తలో, బీడీ మానేశానని. కొట్టం వెనక తాగుతుంటే చూసింది. తిట్టలేదు, రెండు రోజులు పట్టీ కట్టలేదు. నేను కోస్తూ పోయాను, కట్టేవాళ్లు లేక కోసినవన్నీ గాలికి ఎండిపోయాయి. మూడో రోజు వచ్చి కూర్చుంది. ఇప్పుడు చెబితే ఏం చేస్తుంది? ఎనిమిది నెలలుగా నా ఉప్పు కొలిచి వేసింది. తనూ చప్పిడి కూరే తింది, నీ ఒక్కనికి వేరే వండుడేంది అని. పొద్దున్నే లేచి గోలీల డబ్బా ముందు కూర్చుని, అక్షరాలు రాకపోయినా రంగులు చూసి, ఇది పొద్దటిది, ఇది రాత్రిది అని వేరు చేసేది. ఒక్క పూట తప్పలే మేడం. నలుగురిలో ఆ మాటను నేను అబద్ధం చేయాలి. సిగ్గుగా ఉంది. చస్తానన్న భయం కన్నా ఆ సిగ్గే పెద్దదిగా ఉంది, అదే నాకు కోపం తెప్పిస్తోంది. చచ్చినవాడికి సిగ్గెందుకు? బతికితే గద.

పదకొండూ నలభై అయిదు. ఇంకా ఇరవై అయిదు నిమిషాలు. ఆ రక్తపరీక్షే చెబుతుంది కదా, చెప్పనీ, నేను నోరు విప్పాల్సిన పనేముంది? మంచిదైతే ఇంటికి పోయి రేపటి నుంచి బుద్ధిగా మింగుతాను, ఎవరికీ తెలియదు. ఎంత బాగుంది ఈ ఆలోచన. చెడ్డదైతే? అప్పటికి గంట పోతుంది. కోసిన పుల్లను మేము ఊపిరి పీల్చి వదిలేంతసేపు కూడా గాలికి ఉంచం, నేను నా గుండెను గంటసేపు ఆరబెట్టుకుని గోడ గడియారం చూస్తున్నాను.

సుసన్న ముందే వచ్చింది, చేతిలో ట్రే. "ముఖమంత చెమట్లు పట్టినయేంది బాపూ?" అని దూది తీసింది. సూది గుచ్చిన చోటు చూసి, దూది తిప్పి చూసి, "అబ్బ, మస్తు జల్ది ఆగిందే" అంది. మామూలుగానే అంది. కానీ దూదిని పారేయకుండా వేళ్ల మధ్య ఒక్క క్షణం అలాగే పట్టుకుంది. అప్పుడే బస్తా మళ్లీ నా మీదికి దిగింది. ఈసారి మూల కాదు, మొత్తం. దవడ, భుజం, మోచెయ్యి, చిటికెన వేలి దాకా.

"సుశీలా" అన్నాను. జేబులోంచి పట్టీ ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాను. విప్పింది. రెండు గోలీలు, ఒకటి సగం కరిగి. "ఇవాళ్టియి. ఇవాళ్టియే కాదు. ఏస్కుంటలేను. నెత్తురు ఆగుతలేదని, అంట్లు ఖరాబైతున్నయని." ఇంతే చెప్పగలిగాను. ఆమె గోలీల దిక్కు చూసింది, నా జేబు మరక చూసింది, నా ముఖం చూసింది. గులాబీ రంగు మట్టి ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులు కూడా వేసుకోకుండా లేచి తలుపు దగ్గరికి ఉరికింది. "మేడం! ఓ మేడం! జల్ది రాండ్రి!" డాక్టరమ్మ వచ్చేసరికి సుశీల గుప్పిట ముందుకు చాపి ఉంది. "నాదే తప్పు మేడం. నేనే మరిచిన. గోలీలు ఇయ్యలే. రోజు ఇచ్చిన్నని అబద్ధం చెప్పిన."

నాకు ఒక్కసారి ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు నా కోతలన్నిటినీ ఇట్లాగే చుట్టి కట్టింది, ఎక్కడ వంకర ఉన్నా కనబడకుండా. "కాదు మేడం" అన్నాను, ఎవరికీ వినబడలేదు, మళ్లీ అన్నాను. "కాదు. ఆమె ఇచ్చింది. నేనే ఉమ్మేసిన. రోజూ." సాయిశ్రీ మా ఇద్దరి ముఖాలూ చూడలేదు. "తప్పు ఎవరిదో తర్వాత చూస్కోండ్రి. ఎన్ని రోజులైంది?" "మిరుగు కార్తె సంది." ఆమెకు అర్థం కాలేదు. "రెండు నెలలు దాటింది మేడం" అంది సుసన్న, అప్పటికే ఈసీజీ తీగలు నా ఛాతీకి అతికిస్తూ. కాగితం బయటికి వచ్చింది. డాక్టరమ్మ ఈసారి వెలుతురుకు పెట్టి చూడలేదు. "అంబులెన్స్ చెప్పు. సిటీకి ఫోన్ కలుపు, స్టెంట్ మూసుకుంటున్నట్టున్నదని చెప్పు. గోలీలు తే, నమలాలె." సుసన్న పోసిన గోలీలు గుప్పెడున్నాయి. నమిలాను, చేదు, గొంతులో పిండి. సుశీల నా గడ్డం పట్టుకుంది. "నోరు తెరువు." తెరిచాను. "నాలుక లేపు." లేపాను. రెండు దవడల పక్కనా వేలు పెట్టి చూసింది, డాక్టరు, నర్సు, పక్క మంచం ముసలమ్మ అందరి ముందు. నాకు సిగ్గనిపించలేదు.

స్ట్రెచర్ మీదికి మార్చారు. తుంపర ముఖం మీద పడింది. అంబులెన్స్ తలుపు దగ్గర సుసన్న "ఒంటి మీద ఇనుము ఏమన్న ఉంటే తియ్యి బాపూ" అంది. ఉంది. మొలలో మడిచి దోపిన అంటు కత్తి. పిడి నా చేతికి అరిగి అరిగి నా చెయ్యిలాగే వంగిపోయింది. తీసి సుశీల దిక్కు చాపాను. ఆమె తీసుకోలేదు. "కింద పెట్టు. కత్తి చేతికిస్తే కొట్లాటైతది." ముప్పై ఏళ్లుగా అట్లాగే, కత్తి ఎప్పుడూ నేల మీద పెట్టేవాణ్ని, అదీ ఆమె సాన పట్టించుకురావడానికి పోయినప్పుడే, కోయడానికి ఎన్నడూ కాదు. "పట్టు" అన్నాను. "ఎల్లుండి లారీ పోయినంక మళ్ల పుల్లలు చెక్కాలె. అవతలి దిక్కు కొయ్యి, నీ దిక్కు కొయ్యకు." "తెలుసు" అంది. "ముప్పై ఏండ్ల సంది సూస్తనే ఉన్న." కత్తి ఇంకా మా ఇద్దరి మధ్య ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. సుశీల నా చేతిలోంచి కత్తి లాక్కుని కొంగు చివర కట్టుకుంది. ఆ ముడి నాకు తెలిసిన ముడే. ఎక్కి నా తల దగ్గర కూర్చుంది. అప్పుడు ఏడ్చింది, అప్పుడు తిట్టింది.

"సావకు" అంది. "నీతోని మస్తు కొట్లాట ఉన్నది నాకు."